కుక్కుట వర్ణ లక్షణములు : ఒక వివాద చరిత్ర

లక్ష్యము ముందా, లక్షణము ముందా అను ప్రశ్న మన శాస్త్రచర్చలకు క్రొత్తది కాదు. కవుల ప్రయోగములను పరికించి వైయాకరణుడు సూత్రము రచించును. సూత్రము వెలసిన పిదప, దానికి లొంగని ప్రయోగము దోషముగా పరిగణింపబడును. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమును పురస్కరించుకొని తరువాతి తరములలో సాగిన వాదోపవాదములన్నియు ఈ ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినవే. సరిగా ఆ కాలముననే ఇంగ్లండునందును, అమెరికాయందును ఇదే ప్రశ్న మఱియొక రంగమున తలయెత్తినది. ప్రదర్శనలకు పెంచెడి కోళ్ల ఈకల రంగు ఎట్లుండవలెను, దానిని నిర్ణయింపవలసిన వారెవరు అనునదే ఆ ప్రశ్న. విషయము అల్పముగా తోచవచ్చును. కాని భాష లక్షణకర్త ఆజ్ఞకు పూర్తిగా లొంగదు, కోడి లొంగును. వాక్యమున వ్రాసిన లక్షణము కొలదియేండ్లలో ప్రాణి దేహమున ప్రత్యక్షమగును. కావున లక్షణ రచనయొక్క బలమును, దానివలన కలుగు అనర్థమును ఇంత స్పష్టముగా చూపు ఉదాహరణము అరుదు. ఈ వివాదముల చరిత్రను సంగ్రహముగా పరిశీలించి, మన కుక్కుట పరిభాషతో పోల్చి చూచుట ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

మన లక్షణ గ్రంథములు

కోడికి లక్షణము చెప్పుట మన దేశమున ప్రాచీనమైన ఆచారము. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కుక్కుట లక్షణమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించెను. ఏ కోడి రాజునకు శుభము, ఏది అశుభము అనునది అందలి విచారము. వాత్స్యాయనుడు చెప్పిన అఱువదినాలుగు కళలలో కోళ్లను, పొట్టేళ్లను, లావుకలను పోరాడించు విధానమొకటి. పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున రాజవినోదములలో కుక్కుట వినోదమును చేర్చెను. దండి దశకుమార చరితమున ప్రమతి కథయందు రెండు జాతుల కోళ్ల పోరు కలదు. ఆ కావ్యమును తెనిగించిన కేతన మొదలుకొని క్రీడాభిరామ కర్త వఱకు, పల్నాటి వీరచరిత్ర వఱకు, కోడిపందెము తెలుగు సాహిత్యమున సుపరిచితమైన సన్నివేశమే.

ఈ గ్రంథములన్నింట కోడి లక్షణము శకునమునకో, జయమునకో ముడివడియున్నది. తెలుగునాట కుక్కుటశాస్త్రమను పేర వ్యాప్తిలోనున్న విద్యయును అట్టిదే. డేగ, కాకి, సేతు, నెమలి, పర్ల, మైల, కౌజు, పింగళ, పూల, అబ్రాసు, గేరువా అను పేర్లు అందు వినవచ్చును. ఎఱ్ఱని ఈకలు గలది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతు, మెడపై నలుపు తెలుపు ఈకలు సమముగా నున్నది పర్ల. ఏ తిథియందు, ఏ వేళయందు, ఏ వన్నెగల పుంజు ఏ వన్నెదానిని జయించునో చెప్పుట ఈ విద్య ప్రయోజనము. ఇందు ఒక వన్నె మఱియొకదానికంటె అందమైనదను విచారము లేదు. రంగు ఇచట సంకేతము. అది అలంకారము కాదు. పందెగాండ్ర నడుమ తగవు వచ్చినను, మిశ్రమ వర్ణముగల పుంజును కాకిడేగ యనవలెనా, కేవలము డేగ యనవలెనా అను పేరునుగూర్చి వచ్చునే కాని, ఆ పుంజు ఈకలు ఎట్లుండిన బాగుండునను దానినిగూర్చి కాదు.

పందెపు బరినుండి ప్రదర్శనశాలకు

ఇంగ్లండునందును తొలుత స్థితి ఇట్టిదే. 1835లో వెలువడిన జంతుహింసా నిషేధ శాసనము కోడిపందెములను నిషేధించెను. పుంజు గుణమును పరీక్షించుటకు బరి లేకపోయిన పిమ్మట, ఆ పరీక్ష కన్నులకు అప్పగింపబడినది. 1845లో లండను జంతు ప్రదర్శనశాలయందు జరిగిన కోళ్ల ప్రదర్శనము ఈ మార్పునకు ప్రసిద్ధమైన గుర్తు. ఆ దశాబ్దముననే చైనా దేశమునుండి కొచ్చిన్ అను పెద్ద కోళ్లు విక్టోరియా రాణి సన్నిధికి చేరగా, వాటిపై ప్రజలకు అంతులేని మోజు పుట్టెను. అమెరికాయందు బోస్టను నగరమున 1849లో జరిగిన ప్రదర్శనముతో ఆ మోజు అట్లాంటికు సముద్రమును దాటెను. ఆనాటి వ్యామోహమును పరిహసించుచు జార్జి బర్న్‌హామ్ 1855లో దానిని కోళ్లజ్వరమని పేర్కొని ఒక గ్రంథమునే వెలువరించెను. రాణికి 1852లో కోళ్లను కానుకగా పంపి తన వ్యాపారమును వృద్ధిచేసికొనిన వాడును అతడే యగుట గమనింపదగినది. అతడు పంపిన జాతికి మన బ్రహ్మపుత్రానది పేరు స్థిరపడి, పిదప బ్రహ్మ యని కుదింపబడినది. ఆ కోళ్లు చైనానుండి వచ్చినవా, భారతదేశపు తూర్పు సరిహద్దులనుండి వచ్చినవా అని టెగెట్‌మైయరు, లూయిస్ రైటు అను ఇరువురు ప్రసిద్ధ గ్రంథకర్తలు వాదించుకొనిరి.

ఇంతమంది పోటీదారులు చేరినచోట తీర్పరి ఇష్టానిష్టములే ప్రమాణమైనచో కలహము తప్పదు. కావున 1865లో ఇంగ్లండునందలి తొలి పౌల్ట్రీ క్లబ్బు పక్షమున టెగెట్‌మైయరు సంపాదకత్వమున ఒక ప్రమాణ గ్రంథము వెలువడినది. జాతిజాతికిని శిఖ, ముఖము, చెవితమ్మె, మెడ, తోక, కాలు ఎట్లుండవలెనో అందు వాక్యరూపమున నిర్ణయింపబడినది. ఆ క్లబ్బు అల్పకాలముననే అంతరించినను, 1877లో ఏర్పడిన క్లబ్బు ఆ కార్యమును చేపట్టెను. అమెరికాయందు 1873లో బఫెలో నగరమున దేశవ్యాప్తమైన సంఘ మేర్పడి, మఱుసటియేడే తన ప్రమాణ గ్రంథమును ప్రకటించెను.

ఈ గ్రంథముల బలమెట్టిదో డార్విను 1868లో వెలువరించిన గ్రంథమునుండి తెలియుచున్నది. స్పానిష్ జాతి పుంజునకు వ్రేలాడు శిఖ నిటారుగా నుండవలెనని ఆజ్ఞ కాగా, నాలుగైదేండ్లలో మేలుపుంజులన్నింటికి శిఖలు నిటారుగా నిలిచినవట. పోలిష్ జాతికి గడ్డముండవలెనని నిర్ణయింపగా, 1860లో క్రిస్టల్ ప్యాలెసు ప్రదర్శనమునకు వచ్చిన 57 గూళ్లలోని కోళ్లన్నింటికి గడ్డములుండెనట. డార్విను దీనిని మానవకృతమైన వరణమునకు నిదర్శనముగా గ్రహించెను. మనము దీనిని లక్షణము లక్ష్యమును సృజించుటకు నిదర్శనముగా గ్రహింపవచ్చును.

వివాదముల తీరు

లక్షణ మింత బలవత్తరమైనపుడు, దానిని వ్రాయు చేయి ఎవరిదను విషయమున పోరు పుట్టుట సహజము. ఆ వివాదములను మేము మూడు తెఱగులుగా విభజించుచున్నాము. శోభకును ప్రాణశక్తికిని నడుమ జరిగినవి కొన్ని. రూపమునకును రంగునకును నడుమ జరిగినవి కొన్ని. ప్రకృతికిని లక్షణమునకును నడుమ జరిగినవి మఱికొన్ని.

మొదటి తెఱగునకు స్పానిష్ జాతియే ఉదాహరణము. నల్లని ఈకల నడుమ తెల్లని ముఖము ఆ జాతి విశేషము. ప్రదర్శకులు ఆ తెలుపును పెంచుటయందే దృష్టి నిలుపగా, ముఖము విశాలమైనది కాని జాతి సుకుమారమై క్షీణించెను. సెబ్రైట్ అను చిన్నకోడి కథయు నిట్టిదే. సర్ జాన్ సెబ్రైట్ పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో రూపొందించిన ఈ జాతియందు పుంజునకును పెట్టవంటి ఈకలే యుండవలెను. వంపుతిరిగిన తోక యీకలు ఉండరాదు. కాని పూర్తిగా పెట్టయీకలు గల పుంజులు సంతానోత్పత్తికి అంతగా అక్కఱకు రావని పెంపకందారులు కనుగొనిరి. అందుచే గూటిలో ప్రదర్శించునది ఒక పుంజు, ఇంట సంతతికి వాడునది మఱియొక పుంజు అను ద్వంద్వనీతి ఏర్పడెను. 1919లో టి. హెచ్. మోర్గన్ సెబ్రైట్ పుంజుల వృషణములను తొలగించినపుడు వాటికి పుంజు ఈకలు మొలచినవని నిరూపించెను. ఈకల తీరు దేహమునందలి గ్రంథుల పనితో ముడివడియున్నదని దీనివలన స్పష్టమైనది.

రెండవ తెఱగు పందెపు జాతులలో కనబడును. బరి మూతపడిన పిదప ప్రదర్శకులు పందెపుకోడిని క్రమక్రమముగా పొడవైన కాళ్లును, సన్నని మెడయును, పొట్టి ఈకలును గల నూతన రూపమునకు దిద్దిరి. ఇట్టి కోడి బరిలో నిలువజాలదని పాతకాపులు ఈసడించి, పాత ఇంగ్లీషు పందెపుకోడి అను పేర పూర్వరూపమునకు వేఱుగా క్లబ్బు పెట్టుకొనిరి. తరువాత వారిలోను చీలిక వచ్చి, ఆక్స్‌ఫర్డు తీరని, కార్లైలు తీరని రెండు తీరు లేర్పడినవి. ఆక్స్‌ఫర్డువారికి దేహపు సమతౌల్యము ముఖ్యము. రంగులు ముప్పదికి పైగా నున్నను అవన్నియు వారికి సమ్మతములే. కార్లైలువారికి విశాలమైన ఱొమ్మును, ప్రదర్శనమున రాణించు వన్నెయును ప్రియములు. ఆక్స్‌ఫర్డువారి దృష్టి మన పందెగాండ్ర దృష్టికి మిక్కిలి సన్నిహితము.

గీఱల కోడి వివాదము

మూడవ తెఱగు వివాదము మిక్కిలి విలువైనది. ప్లిమత్ రాక్ అను అమెరికా జాతి 1869లో మాసచూసెట్సు రాష్ట్రమందలి వూస్టరు నగరమున ప్రదర్శింపబడి ప్రసిద్ధికెక్కెను. దాని ప్రతి ఈకపైనను నలుపు తెలుపు గీఱలు అడ్డముగా నుండును. ఆ గీఱలు సూటిగా, సమాంతరముగా నుండి, ఈక కొనవఱకు తెగకుండ సాగవలెను. పుంజును పెట్టయు గూటిలో ప్రక్కప్రక్కన నిలిచినపుడు ఒకే ఛాయగా కన్పట్టవలెనని ప్రదర్శకుల ఆదర్శము.

కాని ప్రకృతి ఈ ఆదర్శమునకు సమ్మతింపలేదు. ఒకే జంటకు పుట్టిన పిల్లలలో పుంజులు ఎల్లప్పుడు పెట్టలకంటె లేతవన్నెగా నుండెను. దీనిని దాటుటకు పెంపకందారులు జంట సంతతుల పద్ధతిని అవలంబించిరి. మేలైన పుంజులకొఱకు ఒక వంశము, మేలైన పెట్టలకొఱకు మఱియొక వంశము. పుంజుల వంశమున ముదురువన్నె పెట్టలను వాడుదురు. ఆ వంశమున పుట్టిన పెట్టలు ప్రదర్శనమునకు తగని నలుపు. పెట్టల వంశమున లేతవన్నె పుంజులను వాడుదురు; అందు పుట్టిన పుంజులు ప్రదర్శనమునకు తగని తెలుపు. బహుమతి పొందిన పుంజును పెట్టయు ఒకే జాతిపేర ప్రక్కప్రక్కన నిలిచియున్నను, నిజమునకు అవి తరతరములుగా వేఱుపడిన రెండు వంశములకు చెందినవి.

వాద మిచటనే పుట్టినది. బహుమతి పొందిన జంటను చూచి మురిసి కొనిన సామాన్య రైతు ఇంటికి పోయి పిల్లలను తీసినచో, అవి తల్లిని పోలవు, తండ్రిని పోలవు. లక్షణ గ్రంథము ఉన్నదని చెప్పిన జాతి లోకమున లేదు. ఇది మోసమని కొందఱు నిందించి, పుంజు రెండు ఛాయలు లేతగా నుండుటయే సహజము కావున లక్షణమునే సవరింపవలెనని కోరిరి. మఱికొందఱు, కష్టసాధ్యము కాని ఆదర్శము ఆదర్శమే కాదనియు, పెంపకందారుని నేర్పు ప్రకృతిని మించుటయందే యున్నదనియు వాదించిరి. రెండు పక్షములయందును కొంత న్యాయము కలదు. కాని రెండవ పక్షమువారు నేర్పును చూపుటకై జాతియొక్క ఏకత్వమునే బలియిచ్చిరని మా అభిప్రాయము.

పుంజు లేతగా నుండుటకు కారణము చిరకాలము అజ్ఞాతముగా నుండెను. 1908లో డబ్ల్యు. జె. స్పిల్‌మన్ ఈ గీఱల గుణము లింగముతో ముడివడి సంక్రమించునని వివరించెను. పక్షులలో పుంజునకు ఒకే తీరు లింగ క్రోమోజోములు రెండుండును. పెట్టకు అట్టిది ఒక్కటియే. కావున గీఱలు కలిగించు అంశము పుంజునకు రెండుపాళ్లు, పెట్టకు ఒకపాలు లభించును. రెండుపాళ్ల వలన తెల్లని గీఱ వెడల్పగును. అనగా ప్రదర్శకులు అర్ధశతాబ్దిగా పోరాడినది పెంపకపు లోపముతో కాదు, స్త్రీపుంభేదముతోనే పోరాడిరి. ఇందలి చమత్కారమేమనగా, వారు తుడిచివేయదలచిన ఆ భేదమునే కేంబ్రిడ్జి పండితులు పన్నెట్, పీజ్ అనువారు ఉపకారముగా మలచుకొనిరి. గ్రుడ్డునుండి వెలువడిన దినముననే పిల్ల రంగును బట్టి పుంజును పెట్టను గుర్తింపగల కాంబార్ అను జాతిని వారు 1929లో వెలువరించిరి. లక్షణ గ్రంథమునకు దోషమైనది శాస్త్రజ్ఞునకు గుణమైనది.

రెండు స్మారక చిహ్నములు

మన ప్రాంతమునందును సుపరిచితమైన రోడ్ ఐలాండ్ రెడ్ జాతి చరిత్ర ఈ పోరునకు పరాకాష్ఠ. రోడ్ ఐలాండ్ రాష్ట్రమందలి లిటిల్ కాంప్టన్ పరిసరముల రైతులు గ్రుడ్లకొఱకును మాంసముకొఱకును పెంచుకొనిన ఎఱ్ఱకోళ్లవి. రైతుకు ఎఱుపు కొంత లేతయైనను ముదురైనను భేదము లేదు. 1904లో ఈ జాతి అమెరికా ప్రమాణ గ్రంథమున ప్రవేశించిన పిదప ప్రదర్శకుల చేతులలో ఎఱుపు ముదురసాగెను. పై యీకల నిగనిగ, ఈక అడుగుభాగమునందలి మసివన్నె లేకుండుట మున్నగువానికి ప్రాముఖ్య మేర్పడెను. రైతుల కోడి ఇటుకవన్నెగానే మిగిలిపోగా, ప్రదర్శకుల కోడి దూరమునుండి చూచువారికి నలుపో ఎఱుపో తెలియనంత ముదురువన్నె దాల్చెను.

1925లో ఈ జాతిని అభిమానించు క్లబ్బువారు లిటిల్ కాంప్టనునందలి ఆడమ్స్‌విల్లు గ్రామమున ఒక స్మారకఫలకమును నెలకొల్పిరి. మఱుసటియేడు, 1926లో, కొలదిమైళ్ల దూరమున రాష్ట్ర ప్రభుత్వము మఱియొక చిహ్నమును నిలిపి, ఆ కీర్తి ప్రదర్శకులది కాదనియు, ఆ కోళ్లను వ్యాపారమునకు వేలకొలదిగా పెంచిన రైతులదనియు చాటెను. ఒక కోడికి రెండు స్మారకములు! 1954లో ఈ కోడియే ఆ రాష్ట్రపక్షిగా ప్రకటింపబడినది. కోడి ఎవరిది అను ప్రశ్నకు శిలాశాసనములతో సమాధానము చెప్పవలసి వచ్చిన సందర్భము మఱియొకటి మాకు కానరాదు.

మన పరిభాషతో పోలిక

ఈ చరిత్రనుండి మన భాషా పరిశోధకులు గ్రహింపదగిన అంశములు రెండు కలవు. మొదటిది పదసృష్టికి సంబంధించినది. ఇంగ్లీషువారు కోళ్ల వన్నెలకు బాతురెక్క, కౌజు, కోకిల మున్నగు ఇతర పక్షుల పేర్లు పెట్టిరి. మనవారును డేగ, కాకి, నెమలి, కౌజు అనిరి. ఒండొరుల నెఱుగని రెండు జాతులవారు ఒకే మార్గమున నడచుటయు, కౌజును ఇరువురును గ్రహించుటయు విశేషము. అయినను ఉభయుల సంప్రదాయములందు ఆ పేరు సూచించు వన్నె ఒకటి కాదు. పేరు కలిసినంతమాత్రమున అర్థము కలిసినదనుకొనరాదు. మఱియు ఇంగ్లీషు పదము ప్రమాణ గ్రంథమునకెక్కి, అంగాంగమునకు వివరణ పొంది, బిగిసిపోయినది. మన పదము వ్యవహారమున నిలిచి, సీమసీమకు కొంచెము మారుచు, సమాసములతో వికసించుచున్నది. నెమలికాకి, పచ్చకాకి వంటి సమాసములు ఆ జీవశక్తికి సాక్ష్యములు.

రెండవది ప్రయోజనమునకు సంబంధించినది. అసీల్ జాతియందు వన్నెలను బట్టి పీలా, యాకూబ్, నూరీ, కాగర్, చిట్టా, టీకర్, రెజా అను తెగలు చెప్పుదురు. అసీల్ అనగా అరబ్బీ భాషయందు శుద్ధమైనదని అర్థము. ఆ శుద్ధి రంగునకు సంబంధించినది కాదు. పట్టుదలకును, దేహదార్ఢ్యమునకును సంబంధించినది. 1984లో స్థాపితమైన కర్నాలునందలి జాతీయ పశు జన్యుసంపద సంస్థవారు నమోదుచేసిన దేశవాళీ కోళ్లలో అసీల్‌తోపాటు ఆంధ్రప్రదేశమునకు చెందిన డంకి, కాళాస్థి జాతులును ఉన్నవి. నమోదగుట యనగా లక్షణము వ్రాయబడుటయే. ఇపుడు లక్షణము వ్రాయువారు మనవారే కావున, పైని చెప్పిన వివాదములు మనకు దూరపు కథలు కావు.

హైదరాబాదునందలి రాజేంద్రనగరమున 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా కోడి విషయమున ఒక వివేకము కన్పట్టుచున్నది. పల్లెప్రజలు తెల్లకోడిని ఫారపుకోడిగా ఎంచి, రంగుల ఈకలదానినే నాటుకోడివలె ఆదరింతురు. కాబట్టి దానికి పలువన్నెల ఈకలు ఏర్పఱచిరి. పెరటిలో తిరుగు కోడి శత్రువుల కంటబడకుండుటకును అవి తోడ్పడును. ఇచటను ఈకకు ప్రాధాన్యమున్నది. కాని ఆ రంగు ఎట్లుండవలెనో చెప్పినది తీర్పరి కాదు. కోడిని పెంచుకొను గృహిణి.

ఉపసంహారము

లక్షణము లేనిదే జాతి నిలువదు, కలగూరగంపయగును. 1865 నాటి గ్రంథకర్తలు చేసిన మేలు ఇదియే. కాని లక్షణము లక్ష్యమును విడనాడి తనకుతానే ప్రయోజనమైనపుడు, ఎఱుపు నలుపగును, జాతి రెండుగా చీలును, ముఖము వెలుగును గాని ప్రాణము క్షీణించును. ఈ వివాదములలో ఓడినవారని తలపబడిన రైతులే కాలక్రమమున సమంజసమైన మాట పలికినవారుగా తేలిరి. వ్యాకరణ వివాదములను అధ్యయనము చేయువారికిది సుపరిచితమైన ముగింపే.

మన కుక్కుటశాస్త్ర పదజాలము ఇంకను పందెగాండ్ర నోళ్లయందును, వ్రాతప్రతులయందును చెదరియున్నది. పందెములు శాసన నిషిద్ధములు. అవి అట్లే యుండుట మేలు. కాని వాటితోపాటు ఆ పదములును నశింపనవసరము లేదు. వాటిని సీమలవారీగా సేకరించి, ఏ పదము ఏ వన్నెకు ఎచట వాడుకలోనున్నదో నిర్ణయించు పనికి పరిశోధక విద్యార్థులు పూనుకొనవలెను. ఆ నిర్ణయము చేయునపుడు కోడిని ముందు చూచి, పదమును విని, పిమ్మట లక్షణము వ్రాయుదురుగాక.